పసరు పోసే ముందు, మాత్ర మింగించే ముందు

పోయిన వానాకాలంలో ఒకరోజు పొద్దున్నే, మా చౌడేపల్లెలో ఫార్మసీ చదువుతున్న ఒక అమ్మాయి ప్లాస్టిక్ డబ్బా పట్టుకుని టమోటా మడి గట్టు మీద వంగి వానపాములు ఏరుతా కనబడింది. ఎందుకమ్మా అని అడిగితే "ప్రాజెక్టు మామా" అంది. ఆకును నీడన ఎండబెట్టి, దంచి, ఆల్కహాల్లో నానేసి సారం దించుతారు. ఆ సారం కలిపిన నీళ్లు ఒక గిన్నెలో, ఆల్బెండజోల్ గానీ పైపరజీన్ గానీ కలిపిన నీళ్లు ఇంకో గిన్నెలో పోస్తారు. రెండింటిలోనూ వానపాముల్ని వదిలి, ఏది ముందు కదలడం మానేసింది, ఏది ముందు చచ్చింది అని గడియారం పెట్టుకుని రాసుకుంటారు. ఆకు గిన్నెలోది ముందు చస్తే "మందు కంటే మెరుగు" అని కాగితం మీదికి ఎక్కుతుంది. ఆ కాగితంలోని ఒక్క వాక్యం వాట్సాపులో తిరిగి తిరిగి, ఏ తల్లి చేతిలోనో గరిటెడు పసరై కూర్చుంటుంది.

ఆ గడియారం దగ్గరే నాకు పేచీ. పైపరజీన్ పురుగును చచ్చుబడేట్టు చేస్తుంది కాబట్టి దాని పని కళ్లముందే కనబడుతుంది. ఆల్బెండజోల్ అట్లా కాదు. పురుగు ఒంట్లోకి చక్కెర చేరకుండా అడ్డుపడి, ఆకలితో ఎండగట్టి, నిదానంగా చంపుతుంది. అట్లాంటి దానికి పరుగుపందెం పెడితే ఓడక ఏం చేస్తుంది? పైగా వానపాము మట్టిలో బతికేది, చర్మంతోనే ఊపిరి తీసుకునేది. ఉప్పునీళ్లు పోసినా చస్తుంది. మన పేగుల్లోని ఏలికపాము మన జీర్ణరసాలకే లొంగని తోలు తొడుక్కుని కాపురం చేస్తుంది. ఇక చిక్కదనం మాట. గిన్నెలో మిల్లీలీటరుకు 50 మిల్లీగ్రాముల సారం ఉందనుకుందాం. పేగుల నిండా అదే చిక్కదనం రావాలంటే పిల్లవాడు ఎంత మింగాలో లెక్క వేసుకోండి.

ఆ అమ్మాయి చదువును తక్కువ చేయడానికి ఈ మాట అనడం లేదు. వడపోతలో అది మొదటి మెట్టు. మనం దాన్ని ఆఖరి మెట్టు అనుకోవడమే ప్రమాదం.

ఆకు గొప్పా, మాత్ర గొప్పా అనే పంచాయితీలో నేను కూర్చోను. మలేరియాకు శతాబ్దాల పాటు దిక్కైన క్వినైన్ సింకోనా చెట్టు బెరడులోదే. 1820లో పెల్టియే, కావెంటూ అనే ఇద్దరు ఫ్రెంచివాళ్లు దాన్ని విడదీశారు. ఇప్పుడు వాడే ఆర్టెమిసినిన్ కూడా ఒక మాచిపత్రి జాతి మొక్క నుంచే వచ్చింది. చైనాలో తూ యూయూ బృందం ఆ ఆకును కాచి కాచి చూస్తే గుణం నిలకడగా రాలేదు. పాత వైద్య గ్రంథంలో నీళ్లలో నానేసి పిండమని ఉన్న మాట చూసి, వేడి తగ్గించి ఈథర్‌తో సారం తీస్తే 1971-72 ప్రాంతంలో దారి దొరికింది. ఆమెకు 2015లో నోబెల్ వచ్చింది. అదే ఆకును మనింట్లో మాదిరి కుతకుతా కషాయం కాచి ఉంటే గుణం చాలావరకు వేడికి చెడిపోయేది. కాబట్టి ఏ ఆకు అన్నది సగం సంగతే. ఏ పురుగుకు, ఎట్లా తీసి, ఎంత అన్నది మిగతా సగం.

ముందు పురుగు పేరు కనుక్కోండి

"కడుపులో పురుగులు" అనేది ఒక్క జబ్బు కాదు. ఏలికపాములు వేరు, రక్తం తాగే కొంకి పురుగులు వేరు, కొరడా పురుగులు వేరు, రాత్రిపూట పిల్లల ముడ్డి దగ్గర దురద పుట్టించే సన్న నులిపురుగులు వేరు, బద్దె పురుగు వేరు. ప్రపంచవ్యాప్తంగా జరిగిన పరీక్షలన్నీ కలిపి చూసి 2017లో వెలువడ్డ లెక్క ఒకటి ఉంది. 400 మిల్లీగ్రాముల ఆల్బెండజోల్ ఒక్క మాత్రతో ఏలికపాములు నూటికి 95 మందికి పైగా పోయాయి. కొంకి పురుగులు 80 మందికి దగ్గరగా పోయాయి. కొరడా పురుగు మాత్రం 30 మందిలోనే పోయింది. డాక్టరు మాత్రకే ఇంత తేడా ఉంటే, సంత గంపలోని పొడి అన్నిటికీ ఒకటే అని ఎవరైనా చెబితే నమ్మకండి.

మాత్ర వేసినా నీరసం తగ్గకపోతే, పిల్లవాడు మన్ను తింటుంటే, కళ్లు పాలిపోయి ఉంటే మలపరీక్ష, రక్తపరీక్ష చేయించండి. ఇంకో గరిటెడు పసరు పోయకండి.

నిద్రలో పళ్లు కొరికితే పురుగులే అని మా అవ్వ గట్టిగా చెప్పేది. దానికి నిలబడే రుజువు లేదు. బెల్లం తింటే పురుగులు పుడతాయన్నదీ అంతే. ఏలికపాము గుడ్డు మట్టిలో కొన్ని వారాలు పండి, కడగని చేతుల ద్వారా, కడగని కూరగాయల ద్వారా నోట్లోకి పోతుంది. కొంకి పురుగు పిల్ల ఒట్టి పాదాల చర్మంలో తొలుచుకుని లోపలికి దూరుతుంది. మడిలోకి, బయలుకు చెప్పులు లేకుండా పోకండి. పచ్చిగా తినే టమోటా, కీరా, కొత్తిమీర పారే నీళ్లలో కడగండి.

బడిలో ఇచ్చే మాత్ర

2015లో మొదలైన నులిపురుగుల నివారణ దినం ఇప్పుడు దేశమంతా జరుపుతున్నారు. ఫిబ్రవరి 10న, చాలా చోట్ల ఆగస్టు 10న మళ్లీ, అంగన్‌వాడీలోనూ బడిలోనూ 1 నుంచి 19 ఏళ్ల లోపు పిల్లలకు ఆల్బెండజోల్ ఇస్తారు. రెండేళ్ల లోపు వాళ్లకు అర మాత్ర, ఆపైన ఒక మాత్ర. చిన్నపిల్లలకు పొడి చేసి నీళ్లలో కలిపి ఇవ్వండి, పెద్దపిల్లల చేత నమిలించండి. చిన్న బిడ్డను పట్టుకుని, తల వెనక్కి వంచి గుండు మాత్ర గొంతులో వేయడం మాత్రం ఎన్నడూ చేయకండి. పురుగు చావక ముందే బిడ్డకు ఊపిరాడకుండా పోతుంది.

ఆరోజు జ్వరంగా ఉంటే బిడ్డకు మాత్ర వేయించకండి, తగ్గాక వేయించండి. ఫిట్స్ వచ్చిన చరిత్ర ఉంటే ముందే చెప్పండి. మెదడులో బద్దె పురుగు తిత్తులు ఉన్నవాళ్లకు ఈ మందు పడితే, తిత్తి చచ్చేటప్పుడు వాపు వచ్చి ఫిట్స్ తిరగబెట్టే అవకాశం ఉంది. మొదటి మూడు నెలల గర్భిణికి ఆల్బెండజోల్ ఇవ్వకూడదు. మాత్ర వేశాక కాస్త కడుపునొప్పి, వికారం వస్తే బెదిరిపోకండి. పురుగుల బరువు ఎక్కువున్న పిల్లల్లో అవి కొంచెం ఎక్కువే ఉంటాయి.

బిడ్డలకు మాత్ర వేస్తే ఊరంతా బాగుపడుతుందా అన్నది తేలని ప్రశ్న. మనకు పక్కనే వేలూరు సీఎంసీ వాళ్లు తిమిరిలో, జవ్వాదు కొండల్లో పిల్లలకే గాక పెద్దలకూ ఇచ్చి చూస్తే ఊళ్లో కొంకి పురుగు చక్రం తెగుతుందా అని పెద్ద పరీక్ష పెట్టారు. వేలమందిని, ఏళ్ల తరబడి, మలపరీక్షలతో చూశారు. మందును తూచడమంటే అది. గిన్నెలో వానపామును చూసి రాసేది వేరు.

వేప

వేపమండ లేనిదే మా వైపు గంగమ్మ పూజ లేదు. బోయకొండ దారిలో ఎవరి చేతిలో చూసినా వేపాకే. చిన్నప్పుడు ఆదివారం పొద్దున పరగడుపున వేపచిగురు, కాస్త ఉప్పు నూరి గోలీకాయంత ఉండ మింగించేవాళ్లు. దాంతో నా పురుగులు పోయాయో లేదో ఎవరూ చూడలేదు, నాకు మాత్రం ఆ చేదు ఇంకా గుర్తుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లు నాలుగు చిగుళ్లు నమిలితే కొంపేమీ మునగదు.

నూనె సంగతి అట్లా కాదు. పసిబిడ్డకు వేపనూనె తాగించకండి. చుక్కైనా, చెంచా అయినా, "మా ముత్తవ్వ నుంచి పోస్తున్నాం" అన్నా సరే. మలేసియాలో దగ్గుకూ జలుబుకూ ఇంటిమందుగా వేపనూనె తాగించిన పసిపిల్లల్ని అక్కడి డాక్టర్లు 1980ల మొదట్లో వైద్యపత్రికల్లో నమోదు చేశారు. కొన్ని గంటల్లోనే వాంతులు, మత్తు, వేగంగా ఊపిరి, ఫిట్స్. లోపల కాలేయానికి కొవ్వు పట్టి, మెదడు ఉబ్బింది. చనిపోయిన బిడ్డలున్నారు. మన దేశంలోనూ ఇట్లాంటి కేసులు నమోదయ్యాయి. నూనె అంగట్లో అమ్మినంత మాత్రాన తాగేది కాదు. దీపానికి, చేనుకు, పశువు గాయానికి వాడుకోండి.

గర్భం దాల్చాలనుకునేవాళ్లు, గర్భిణులు వేపనూనె లోపలికి తీసుకోకూడదు. షుగరు మాత్రలు వాడేవాళ్లు రోజూ వేపరసం తాగుతుంటే ఆ సంగతి డాక్టరుకు చెప్పండి. రెండూ కలిసి చక్కెరను కిందికి లాగేయవచ్చు.

సీతాఫలం గింజలు, కళ్లు

హార్స్‌లీ కొండల చుట్టూ సీతాఫలాలు గంపలకు గంపలు దిగే కాలంలో గింజలు పారేయకుండా ఎండబెట్టుకునే ఇళ్లున్నాయి. దంచి నూనెలో కలిపి పేలకు తలకు పట్టిస్తారు. పేలు చచ్చే మాట నిజమే. ఆ పొడి కంట్లో పడితే నల్లగుడ్డు మీది పొర ఒలిచినట్టవుతుంది. విపరీతమైన మంట, నీళ్లు, వెలుతురు చూడలేకపోవడం. దక్షిణాది కంటి ఆసుపత్రుల్లో డాక్టర్లకు బాగా తెలిసిన దెబ్బ ఇది. పక్కింటామె చెప్పిందని తలకు పట్టించి, చిన్నది నిద్రలో కళ్లు నులుముకుంటే జరిగేది అదే.

పేలకు సీతాఫలం గింజల పొడి వాడకండి. మందులంగట్లో పర్మెత్రిన్ లోషన్ దొరుకుతుంది. దాన్ని పట్టించి కడిగి, సన్నదువ్వెనతో ఈపి తీయండి, వారం పది రోజులకు ఇంకోసారి పట్టించండి. ఇప్పటికే పొడి కంట్లో పడి ఉంటే నులమకండి, చనుబాలో ఆముదమో పోయకండి. ధారగా మంచినీళ్లతో పావుగంట కడిగి కంటి డాక్టరు దగ్గరికి పోండి.

వాయువిడంగాలు, మోదుగ, దానిమ్మ బెరడు, బొప్పాయి

వాయువిడంగాలు ఆయుర్వేదంలో పేరుమోసిన క్రిమి మందు. అయితే గర్భనిరోధక గుణం కోసం కూడా మన దేశంలోనే వాటి మీద పరిశోధనలు జరిగాయి. కొత్తగా పెళ్లైన కోడలికి "కడుపు శుభ్రం" కోసం నెలల తరబడి పెట్టే ముందు ఈ ముక్క తెలిసి ఉండాలి. బజార్లో ఆ పేరుతో అమ్మే గింజల్లో వేరే చెట్ల గింజలు కలుస్తాయన్నది మూలికలు పరీక్షించేవాళ్ల పాత ఫిర్యాదు. కావాలంటే రిజిస్టరైన ఆయుర్వేద డాక్టరు రాసిచ్చినది, సీసా మీద లైసెన్సు నంబరూ బ్యాచ్ నంబరూ ఉన్నది కొనండి. సంతలో పొట్లం కట్టిచ్చేది వద్దు.

దానిమ్మ వేరు బెరడు ఒకప్పుడు ఐరోపా డాక్టర్లు కూడా బద్దె పురుగుకు రాసిచ్చిందే. అందులోని పదార్థానికి పైన చెప్పిన పెల్టియే పేరు మీదే పెల్లెటీరిన్ అని పేరు పెట్టారు. పని చేసేది, కానీ కళ్లు తిరగడం, చూపు మసకబారడం కూడా తెచ్చేది. పని చేసే మోతాదుకూ దెబ్బతీసే మోతాదుకూ మధ్య సందు చాలా ఇరుకు. అంతకంటే నిలకడైన మందులు రాగానే దాన్ని పక్కన పెట్టారు. మోదుగ గింజలదీ దాదాపు అదే కథ. ఇంట్లో నూరి పిల్లలకు పెట్టకండి.

బొప్పాయి గింజల గురించి మాత్రం మనుషుల మీద చేసిన ఒక పరీక్ష ఉంది. నైజీరియాలో 60 మంది పిల్లలకు చేసి 2007లో వెలువరించారు. ఎండిన గింజల పొడిని తేనెలో కలిపి ఇచ్చిన 30 మందిలో 23 మందికి పురుగులు పోయాయి, ఒట్టి తేనె ఇచ్చిన 30 మందిలో అయిదుగురికే పోయాయి. ఆశ పుట్టించే లెక్కే. కానీ పోల్చింది తేనెతో, ఆల్బెండజోల్‌తో కాదు. "స్టాండర్డ్ మందుతో సమానం" అని ఎవరైనా దీన్ని చూపిస్తే ఆ ఒక్క ప్రశ్న అడగండి: దేనితో పోల్చారు?

గజ్జికి వేపాకు, పసుపు నూరి పట్టించిన అధ్యయనం కూడా 1992లో వచ్చింది. 814 మందిలో నూటికి 97 మందికి నయమైందని రాశారు. పక్కన వేరే మందు వాడిన గుంపు లేదు కాబట్టి ఎంత నమ్మాలో తెలియదు. అయినా ఒంటిపై పూత కాబట్టి ప్రాణాల మీదికి రాదు, పెద్దవాళ్లు ప్రయత్నిస్తే నేను గొడవపడను. పుండు పడి చీము కారుతున్నా, పసిబిడ్డ అయినా డాక్టరు ఇచ్చే పర్మెత్రిన్ క్రీమే రాయండి. ఏ మందైనా సరే, దురద ఉన్నా లేకున్నా ఇంటిల్లిపాదీ ఒకే రాత్రి పూసుకోవాలి, దుప్పట్లు వేడినీళ్లలో ఉతకాలి. గజ్జి తిరిగి రావడానికి మందు చెడ్డది కావడం కాదు, అన్న పూసుకుని తమ్ముడు పూసుకోకపోవడమే చాలాసార్లు కారణం.

చలిజ్వరానికి ముందు రక్తపరీక్ష

కుప్పం వైపు తమిళనాడు గాలి తగిలి నేలవేము కషాయం ప్రతి జ్వరానికీ మందైపోయింది. తాగితే తాగండి. కానీ వణుకుతో జ్వరం వస్తే అదే రోజు మలేరియాకు రక్తపరీక్ష చేయించండి, కషాయం తాగి మూడు రోజులు చూద్దామని కూర్చోకండి. ఫాల్సిపారం మలేరియా అయితే ఆ మూడు రోజుల్లోనే మెదడుకు ఎక్కవచ్చు. వైవాక్స్ అయితే జ్వరం తగ్గాక కూడా ప్రైమాక్విన్ 14 రోజులూ వేసుకోవాలి, ఎందుకంటే అది కాలేయంలో నిద్రపోతుంది. మాచిపత్రి టీ, ఆర్టెమీసియా పొడి క్యాప్సూళ్లు మలేరియాకు వాడకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో స్పష్టంగానే చెప్పింది. అరకొర మోతాదు మలేరియా క్రిమిని చంపదు, మందుకు అలవాటు చేస్తుంది.

గొర్రె, మేక, పుంగనూరు ఆవు

పసరు వాడకం మనుషుల్లో తగ్గినా మందలో తగ్గలేదు. నట్టల (పశువుల కడుపులోని పురుగుల) మందు ఖర్చు, మందల సంఖ్య చూస్తే దానికి కారణం అర్థమవుతుంది. జాతీయ పాడి అభివృద్ధి మండలి కూడా పశువులకు ఇంటి యోగాలు కొన్ని ప్రచారం చేస్తోంది. నట్టలకు చెప్పిన దాంట్లో ఉల్లి, వెల్లుల్లి, ఆవాలు, వేపాకు, కాకరకాయ, పసుపు, మిరియాలు, బెల్లం లాంటివి కొలతలతో ఉన్నాయి. కొలత రాసి ఉంది కాబట్టి దాన్ని నేను కాదనను. ఇచ్చే ముందు ఒకసారి, ఇచ్చిన పది పద్నాలుగు రోజులకు ఒకసారి పెంటికలు పశువైద్యశాలకు తీసుకుపోయి గుడ్ల లెక్క వేయించండి. లెక్క తగ్గిందా, మీ పసరు పనిచేసింది. తగ్గలేదా, మంద మీద ప్రేమ ఉంటే మాత్రకు మారండి. ఇంగ్లీషు మందుకూ ఇదే పరీక్ష పెట్టండి. ఏడాది పొడుగునా ఒకే మందు, అదీ తక్కువ మోతాదులో పోసి పోసి నట్టలు లొంగని స్థితికి వచ్చిన మందలు మన దేశంలో ఎన్నో ఉన్నాయి.

మందలో అన్నిటికీ ఒకటే కొలత పోయకండి. గొర్రెకు సరిపడే మందు మేకకు చాలదు, మేక ఒంట్లో అది తొందరగా కరిగిపోతుంది. మన పుంగనూరు ఆవు దానికి పూర్తిగా తిరగబడ్డ లెక్క. నిలబడితే 70 నుంచి 90 సెంటీమీటర్లు, బరువు 115 నుంచి 200 కిలోలు. పెద్ద జెర్సీకి పోసిన గొట్టమే దానికీ పోస్తే రెండింతలు పడుతుంది. ముఖ్యంగా క్లోసాంటెల్ లాంటి మందు ఎక్కువైతే గొర్రె, మేక గుడ్డివైపోతాయి. అంచనాకు వదలకుండా తూకం వేయండి, లేదా ఛాతీ చుట్టుకొలత టేపు వాడండి.

చూడి గొర్రెకు మొదటి నెలల్లో ఆల్బెండజోల్ పోయకండి, పిల్లలు అవిటిగా పుడతాయి. నట్టల మందు పోసిన పాలు, మాంసం ఎన్ని రోజులు అమ్మకూడదో సీసా మీదే ఉంటుంది, చదవండి. పసరైనా మందైనా గొట్టంతో పోసేటప్పుడు మూతి చెవి కంటే పైకి ఎత్తకండి, దగ్గుతుంటే ఆపండి. ఊపిరితిత్తుల్లోకి పోయి చచ్చిన గొర్రెను నట్టలు చంపాయని అనుకునేవాళ్లను చూశాను.

కింది రెప్ప వంచి చూడటం నేర్చుకోండి. ఎర్రగా ఉంటే ఆ గొర్రెకు ఇప్పుడు మందు అక్కర్లేదు. కాగితంలా తెల్లగా ఉన్నా, గొంతు కింద నీటిసంచి వేలాడుతున్నా ఆగకండి. రెప్ప రంగు చూసి మందు పోసే పద్ధతిని దక్షిణాఫ్రికాలో గొర్రెలవాళ్ల కోసం రంగుల కార్డుగా కూడా చేశారు. మందు ఖర్చు తగ్గుతుంది, నట్టలు మొండికేయడం నెమ్మదిస్తుంది. చెరువు నిండిన ఏడాది కట్ట కింది తడిగడ్డిలో మేపితే కార్జంలో జలగలు పడతాయి. వాటికి నత్తలే దారి. ఆ చిన్న జలగల్ని ఆల్బెండజోల్ చంపలేదు, పెద్దవాటినే చంపుతుంది. వేరే మందు కావాలా అని డాక్టర్ని అడగండి.

పశువుల సీసాలోది మనుషులు తాగకండి. చెప్పనక్కర్లేని మాట అనుకుంటారు, కానీ "అదే ఆల్బెండజోల్ కదా" అని తాగేవాళ్లుంటారు.

జాతర మాంసం, వీధికుక్క

పొట్టేలు నుంచి కుక్కకు, కుక్క నుంచి మనిషికి చేరే ఈ జబ్బు ఏ ఆకుకూ లొంగదు. జాతరలో పొట్టేలును కోసినప్పుడు కార్జంలోనో ఊపిరితిత్తుల్లోనో నీళ్ల బుడగలు కనబడితే అవి హైడాటిడ్ తిత్తులు. వాటిని కుక్కకు విసరకండి. కుక్క పేగుల్లో అది చిన్న బద్దె పురుగవుతుంది, కుక్క మలంలోని గుడ్లు మన చేతుల మీదుగా కడుపులోకి పోయి మన కార్జంలో అదే తిత్తి కడుతుంది. దేశంలో ఈ జబ్బు ఎక్కువగా నమోదయ్యే రాష్ట్రాల్లో మన ఆంధ్రా, పక్క తమిళనాడూ ఉన్నాయి. బుడగలున్న భాగాన్ని కాల్చేయండి లేదా కుక్క తవ్వలేనంత లోతుగా పూడ్చండి. పెంపుడు కుక్కకు మూడు నెలలకొకసారి ప్రాజిక్వాంటెల్ వేయించండి. మనిషికి తిత్తి వస్తే నెలల తరబడి ఆల్బెండజోల్, చాలామందికి ఆపరేషన్. ఆ వాడకంలో మాత్రను నెయ్యో నూనో ఉన్న భోజనంతో వేసుకోవాలి, అప్పుడే మందు రక్తంలోకి చాలినంత ఎక్కుతుంది. కడుపును నలిపి, నాటు మర్దన చేసి తిత్తి పగలగొట్టించుకోకండి. లోపల పగిలితే ప్రాణాపాయం.

ఏదైనా తేడా వస్తే

పసరు తాగిన బిడ్డ వాంతులు చేసుకుని మగతగా ఉంటే, ఊపిరి వేగంగా తీస్తుంటే, ఫిట్స్ వస్తే, కడుపు ఉబ్బి మలం ఆగిపోతే 108కి ఫోన్ చేయండి. వేలు పెట్టి కక్కించకండి, నూనె తాగిన బిడ్డ విషయంలో అసలే వద్దు, అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మజ్జిగ, ఉప్పునీళ్లు పట్టించకండి. మిగిలిన పసరు సీసా, ఆకు, పొడి పొట్లం డాక్టరుకు చూపించడానికి వెంట తీసుకుపోండి. ఎవరు ఇచ్చారో చెప్పడానికి మొహమాటపడితే చెప్పకండి గానీ, ఏం ఇచ్చారు, ఎంత ఇచ్చారు, ఎన్నింటికి ఇచ్చారు అన్నది మాత్రం దాచకండి. గొర్రెకో ఆవుకో తేడా వస్తే సంచార పశువైద్య వాహనానికి 1962.